ఉష్ణమాపకం – దోష పరిశీలన

పాత కారులోని డిజిటల్ ఉష్ణమాపకం పొంతనలేని అంకెలు చూపినప్పుడు మొదట శంకించవలసినది ఇంజనునే. అది పూర్తిగా చల్లారిన తరువాత రేడియేటరు మూత తీసి, శీతలద్రవం మట్టం చూడాలి. వేడిమీద తీస్తే మరిగే ద్రవం ఎగజిమ్మి ఒళ్ళు కాలుతుంది.

ద్రవం తగినంత ఉంటే సెన్సారును పరీక్షించాలి. సాధారణంగా వేడి పెరిగినకొద్దీ దాని విద్యున్నిరోధం తగ్గుతుంది. అందుచేత తీగ తెగితే మాపకం చల్లదనాన్నే సూచిస్తుంది. తీగ కారు లోహభాగానికి తగిలితే అధికోష్ణాన్ని చూపుతుంది. కనెక్టరుకు పట్టిన చిలుమును తుడిచి, మల్టీమీటరుతో నిరోధాన్ని కొలవాలి. ఇంజను వేడెక్కినా నిరోధం తగ్గకపోతే సెన్సారును మార్చాలి. తీగ, సెన్సారు రెండూ సరిగా ఉన్నప్పుడే డాష్‌బోర్డు విప్పి, టంకపు అతుకులలో పగుళ్ళు వెదకాలి.

దోషం తేలేవరకు ఆ అంకెలను నమ్మి కారు నడపరాదు. తెగిన తీగ మరిగే ఇంజనును సైతం చల్లగా చూపగలదు.

ప్రశ్న: తీగ తెగినప్పుడు మాపకం చల్లదనాన్ని సూచించడానికి కారణమేమి?