సాందీపని శిష్యులు – సంపూర్ణ విద్య

జగద్గురువైన శ్రీకృష్ణ పరమాత్మ తానును ఒక గురువు పాదముల కడ కూర్చుండి విద్య నభ్యసించెను. సర్వవిద్యలకు మూలమైన వానికి నేర్వవలసినది ఏమి కలదు? లోకమునకు విద్యార్థి ధర్మమును తెలుపుటకే ఆ స్వామి శిష్యుడయ్యెనని పెద్దలు చెప్పుదురు. శ్రీమద్భాగవత దశమ స్కంధమందలి ఈ వృత్తాంతమును పోతనామాత్యుని తెలుగున చదువని వైష్ణవ గృహము అరుదు. బిడ్డలను బడికి పంపు ప్రతి తల్లియు, తండ్రియు దానిని మరల ఒక్కసారి స్మరింపదగును.

కంసవధానంతరము గర్గాచార్యులు బలరామకృష్ణులకు ఉపనయన సంస్కారము జరిపించెను. పిదప సోదరులిరువురు అవంతీపురమందు నివసించు సాందీపని మహర్షి గురుకులమున చేరిరి. అచట వారు సాంగముగ వేదములను, ఉపనిషత్తులను, ధనుర్వేదమును, ధర్మశాస్త్రమును, తర్కమును, షడ్విధమైన రాజనీతిని అభ్యసించిరి. అరువదినాలుగు దినములలో అరువదినాలుగు కళలను గ్రహించిరి. వ్యాఖ్యాతలు పేర్కొనిన ఆ కళలలో గీతము, నృత్యము, చిత్రలేఖనము మాత్రమే గాక పూలమాలలు గ్రుచ్చుట, వంట, వడ్రంగము, వృక్షముల పెంపకము కూడ ఉన్నవి. బుద్ధికి శాస్త్రము, దేహమునకు విలువిద్య, హృదయమునకు సంగీతము, చేతులకు పని – వీనిలో ఏ ఒక్కటియు తక్కువదని ఆ గురుకులము ఎంచలేదు. సర్వతోముఖ వికాసమని నేడు మనము చెప్పుకొనునది ఇదియే.

అడవిలోని రాత్రి

ఐనను ఆ గురుకులమున నేర్చిన మిక్కిలి గొప్ప పాఠము ఈ పట్టికలో కానరాదు. అనేక సంవత్సరముల పిమ్మట బాల్యసఖుడైన కుచేలుడు ద్వారకకు వచ్చినపుడు, శ్రీకృష్ణుడు అతని చేయి పట్టుకొని గురుకులవాసమును తలచుకొనెను. ఆ వేళ ఆయన తాను నేర్చిన శాస్త్రములను లెక్కింపలేదు. ఒక వాన కురిసిన రాత్రిని జ్ఞప్తికి తెచ్చుకొనెను.

ఒకనాడు గురుపత్ని వంటకట్టెలు తెమ్మని శిష్యులను అడవికి పంపెను. వారు నడుమ అడవిలో ఉండగా కాలము గాని కాలమున పెనుగాలి లేచి, ఉరుములతో జడివాన కురిసెను. ప్రొద్దు క్రుంకెను. పల్లమేదో మెరక ఏదో తెలియరాకుండ ఎటు చూచినను నీరే నిండెను. దిక్కు తోచక, ఒకరి చేయి ఒకరు పట్టుకొని, ఆ బాలురు రాత్రి యంతయు తిరుగాడిరి. యదువంశపు రాకుమారుని చేతిలో ఒక నిరుపేద బ్రాహ్మణ బాలుని చేయి ఉండెను. ఆ చీకటిలో కలవాడెవడు, లేనివాడెవడు?

తెల్లవారుచుండగనే సాందీపని తానే బయలుదేరి శిష్యులను వెదకుచు అడవికి వచ్చెను. తడిసి వణకుచున్న బిడ్డలను కనుగొనెను. కట్టెలేవి అని ఆయన అడిగినట్లు భాగవతము చెప్పలేదు. ప్రాణులన్నింటికి ప్రియమైన దేహమును సైతము లెక్కచేయక మా కొరకు ఇంత శ్రమపడితిరా యని ఆర్ద్రచిత్తుడై, వారు నేర్చిన విద్య ఇహపరములందు వన్నె తరుగక నిలుచునట్లు ఆశీర్వదించెను.

ఇచట గమనింపదగిన విషయము ఒకటి కలదు. చదువు వాడిపోకుండుగాక అను దీవెన వేదము వల్లించిన వేళ లభించినది కాదు; సేవచేసి అలసిన వేళ లభించినది. విద్య పుస్తకము నుండి వచ్చును, కాని శీలమనెడి నేలలో నాటుకొన్నపుడే అది నిలుచును.

విద్యకు పరీక్ష

శిష్యులు చదువు ముగించి గురుదక్షిణ సమర్పించిన విధము ప్రసిద్ధము. ప్రభాస తీర్థమున సముద్రము పాలైన గురుపుత్రుని యమపురి నుండి కొనివచ్చి తల్లిదండ్రుల కప్పగించిరి. కాని గురుకుల విద్యకు నిజమైన పరీక్ష ద్వారకలో జరిగినది. చినిగిన వస్త్రముతో వాకిట నిలిచిన సహాధ్యాయిని చూచి శ్రీకృష్ణుడు పాన్పు దిగి ఎదురేగెను, కౌగిలించుకొనెను, పాదములు కడిగెను. రుక్మిణీదేవి స్వయముగ వీవన వీచెను. అడవిలో పట్టుకొనిన చేతిని ఆయన సింహాసనముపై కూర్చుండిన పిమ్మటను విడువలేదు.

నేటి గృహములకు

మన దేశమున 2009వ సంవత్సరమున బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము వెలువడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. పాఠ్యక్రమము బిడ్డ సర్వతోముఖ వికాసమునకు తోడ్పడవలెనని, బిడ్డను భయము నుండి, ఆందోళన నుండి దూరము చేయవలెనని అందలి 29వ విభాగము పలుకుచున్నది. శాసనము మంచిదే. కాని సాయంకాలము ఇంటికి వచ్చిన బిడ్డను ‘ఎన్ని మార్కులు వచ్చినవి?’ అని మాత్రమే అడుగు ఇంటిలోనికి ఏ శాసనము ప్రవేశింపగలదు?

పరీక్షా ఫలితములు వెలువడు దినములలో, తప్పితినను దుఃఖముతో పసిప్రాణములు రాలిపోయిన వార్తలు తెలుగునాట ఎన్నో ఇండ్లను చీకటి చేసినవి. ఆ బిడ్డలకు కొరవడినది పాఠము కాదు. దారి తప్పిన రాత్రి చేయి పట్టుకొనెడి ఒక నేస్తము, కట్టెల మాట ఎత్తక తమ్ము వెదకుచు వచ్చెడి ఒక పెద్ద వారికి కావలసియుండిరి. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును సాందీపని వద్ద నేర్వవలసిన పాఠమిది. ఓడివచ్చిన బిడ్డకు మొదట తువ్వాలు, పిడికెడు అన్నము, పిదపనే ప్రశ్నలు.

ఇక బిడ్డలకు శీలము ఉపదేశముచే గాక అలవాటుచే అబ్బును. మంచినీరు తెచ్చుట, పూలమొక్కకు నీరు పోయుట, పూజకు తులసి దళములు కోయుట వంటి ఒక ఇంటిపని ప్రతి బిడ్డకును ఉండవలెను. ఆటకు కొంత వేళ, పాటకు కొంత వేళ తప్పక ఈయవలెను. ప్రక్కింటి బిడ్డతో పోల్చి కించపరచరాదు. తోడి విద్యార్థి పేదవాడైనచో వానిని ఇంటికి పిలిచి, ఒకే పంక్తిని కూర్చుండబెట్టి వడ్డింపవలెను. తీర్థయాత్రకు తోడ్కొని వెళ్ళినపుడు వృద్ధులకు దారి ఈయుట, అన్నప్రసాదమును వృథా చేయకుండుట, అలసినవారి మూట అందుకొనుట నేర్పవలెను. దైవదర్శనమునకు ముందు కలుగు దర్శనమిది.

రాత్రి దీపము వెలిగించి కుచేలోపాఖ్యానము చదువునపుడు అటుకుల కథతో ఆపక, అడవిలోని వాన కథను కూడ బిడ్డలకు చెప్పవలెను. నాడు సహాధ్యాయి చేతిని విడువని ఆ గోపాలబాలుడు మన బిడ్డల చేతులను కూడ విడువక, వారి విద్యకు వినయమును, బలమునకు దయను తోడుచేసి కాపాడుగాక!