గడప దాటిన గొంతు
(మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీత ప్రయాణం – ఒక పరిశీలన)

మా ఇంట్లో ఒక పాత తగాదా ఉంది. అమ్మది తెలుగు, అప్పది కన్నడ. బాలమురళీకృష్ణ పాట ఎక్కడైనా వినపడితే చాలు, అమ్మ “మా గోదావరి ఆయన” అంటుంది. అప్ప వెంటనే “అవరు నమ్మవరు” అంటాడు, అంటే “ఆయన మావారే” అని. ఆయనకు జాతీయ అవార్డు తెచ్చింది కన్నడ సినిమా అని అప్ప వాదన. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చుకుందామని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకు కావలసిన జవాబు ఇంకొకటి కూడా దొరికింది. అదేంటో చివర్లో చెబుతాను.

1. “క్రాస్ఓవర్” అంటే ఏమిటి?

పాశ్చాత్య సంగీతంలో గొంతులకు వాటి స్థాయిని బట్టి పేర్లు పెడతారు. మగవాళ్ల గొంతుల్లో బాగా కింది స్థాయిది బాస్, మధ్యది బారిటోన్, పైస్థాయిది టెనర్. ఒపేరాలో కథానాయకుడి పాటలు చాలావరకు టెనర్‌వే. మైకు లేకుండా, వాద్యబృందం హోరును దాటుకుని, చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా వినపడేలా పాడటం వాళ్ల చదువు. అలా తయారైన గాయకుడు ఒపేరా వదలకుండానే జనం పాడుకునే పాటల్లోకి వస్తే దాన్ని క్లాసికల్ క్రాస్ఓవర్ అంటారు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 1990 జూలై 7న రోమ్ నగరంలో జరిగింది. ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందురోజు రాత్రి పవరొట్టి, డొమింగో, కరెరాస్ అనే ముగ్గురు టెనర్లు ఒకే వేదిక మీద పాడారు. వాద్యబృందాన్ని నడిపించింది ముంబైలో పుట్టిన జుబిన్ మెహతా. ఒపేరా గుమ్మం ఎన్నడూ తొక్కనివాళ్లు కూడా టీవీల ముందు కూర్చుని విన్నారు. దాని తర్వాత ఆండ్రియా బొచెల్లి లాంటివాళ్లు ఆ దారిలోనే పెద్ద పేరు తెచ్చుకున్నారు.

మన కర్ణాటక సంగీతంలో టెనర్ అనే విభజన లేదు. ఎవరి గొంతుకు తగ్గ శ్రుతి వాళ్లు పెట్టుకుంటారు. కానీ గడప దాటడం మాత్రం మనకూ ఉంది. తెలుగులో దాన్ని అందరికంటే ధైర్యంగా చేసింది బాలమురళీకృష్ణ అని నేను అనుకుంటున్నాను.

2. పునాది

ఆయన 1930 జూలై 6న తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్య సంగీతం తెలిసినవారు, వేణువు వాయించేవారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఆమె చనిపోయారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందినవారు. ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో ఈ పిల్లవాడు పూర్తి కచేరీ చేశాడు. అది విన్న హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మురళీకృష్ణ పేరు ముందు “బాల” చేర్చారు. ఎనభై ఆరేళ్ల వయసులో, 2016 నవంబరు 22న చనిపోయేదాకా ఆయన “బాల”మురళియే.

కుర్రతనంలోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు. పాటతోపాటు వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర కూడా పట్టు దొరికేదాకా నేర్చారు. ఈ సంగతులు పొగడటానికి రాయడం లేదు. ఇంత పునాది ఉంది కాబట్టే తర్వాత ఎన్ని ఇళ్లకు వెళ్లినా సొంత ఇంటి దారి మరిచిపోలేదు అని చెప్పడానికి రాస్తున్నాను.

3. మొదటి గడప: రేడియో

కచేరీకి వెళ్లాలంటే ఊళ్లో సభ ఉండాలి, తీరిక ఉండాలి. రేడియోకు అవేమీ అక్కర్లేదు, వంటింట్లోకే వస్తుంది. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన కాలంలో బాలమురళి “భక్తిరంజని” కార్యక్రమానికి ప్రాణం పోశారు. భద్రాచల రామదాసు కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల కృతులు, తత్వాలు పొద్దున్నే తెలుగిళ్లలో వినిపించాయి. సంగతుల బరువు తగ్గించి, మాట స్పష్టంగా పలికి, పక్కన కూర్చున్నవాళ్లు కూడా గొంతు కలిపేలా పాడటం ఆ కార్యక్రమం పద్ధతి. సినిమాకు ముందే ఆయనకు అదొక తాలీము అయ్యిందన్నమాట.

4. రెండో గడప: సినిమా

కచేరీ పాటకు, సినిమా పాటకు తేడా ఏమిటో ముందు చూద్దాం.

కచేరీలో రాగాలాపన పదిహేను నిమిషాలు సాగొచ్చు. ఒకే పంక్తిని తిప్పి తిప్పి నెరవు చేయొచ్చు. స్వరకల్పన అక్కడికక్కడ పుడుతుంది. ఎప్పుడు ఆపాలో గాయకుడి ఇష్టం. సినిమాలో ఇదంతా తిరగబడుతుంది. పాత గ్రామఫోన్ రికార్డు ఒక వైపుకు పట్టేది దాదాపు మూడు నిమిషాలే. ట్యూన్ వేరేవాళ్లు కడతారు, మాట వేరేవాళ్లు రాస్తారు, పెదవులు కదిపేది ఇంకొకరు. మైకు దగ్గరగా ఉంటుంది కాబట్టి గొంతు పెంచాల్సిన పని లేదు, ఊపిరి చప్పుడు కూడా వినపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పాత్రకు తగ్గట్టు పాడాలి. విద్వత్తు చూపించబోతే పాత్ర చచ్చిపోతుంది.

“నర్తనశాల” (1963) తీసుకోండి. అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పే సన్నివేశం. తెర మీద ఎన్.టి. రామారావు. అక్కడ వీరుడి గర్జన పనికిరాదు, గురువు లాలన కావాలి. బాలమురళి, బెంగళూరు లత కలిసి పాడిన ఆ పాట వినండి. స్వరాలు ఉన్నాయి, గమకాలు ఉన్నాయి, కానీ ఒక్కటీ బరువుగా లేదు. “భక్త ప్రహ్లాద” (1967)లో అయితే ఆయనే నారదుడిగా తెర మీదకు వచ్చి నటించారు. “గుప్పెడు మనసు” (1979)లో మౌనం గురించి ఆత్రేయ రాసిన పాట ఇంకా దూరం వెళ్లింది. అందులో పండితుడు ఎక్కడా కనపడడు, మనసు నలిగిన మనిషి ఒకడు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

5. మూడో గడప: భాష

ఇక మా అప్ప వాదనకు వద్దాం. 1966లో వచ్చిన కన్నడ సినిమా “సంధ్యారాగ” అ.న.కృ. నవల ఆధారంగా తీసింది, రాజ్‌కుమార్ నాయకుడు. అందులో మన గదగ్ జిల్లా ఆణిముత్యం భీమ్‌సేన్ జోషి, బాలమురళి ఇద్దరి గొంతులూ వినిపిస్తాయి. ఉత్తరాది బాణీ, దక్షిణాది బాణీ ఒకే సినిమాలో అన్నమాట. తర్వాతి కాలంలో వీళ్లిద్దరూ కలిసి జుగల్‌బందీలు కూడా చేశారు.

1975లో జి.వి. అయ్యర్ “హంసగీతె” తీశారు. త.రా.సు. నవల అది, చిత్రదుర్గకు చెందిన ఒక సంగీతవిద్వాంసుడి కథ. అనంత్ నాగ్ నటించారు. ఆ సినిమాలో పాడినందుకు బాలమురళికి ఉత్తమ నేపథ్య గాయకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. మళ్లీ అదే అయ్యర్ తీసిన “మధ్వాచార్య” (1986) సినిమాకు ఉత్తమ సంగీత దర్శకుడిగా రెండో జాతీయ అవార్డు వచ్చింది. రెండూ కన్నడ సినిమాలే! అప్ప గెలిచాడనే చెప్పాలి.

ఇంకో తమాషా ఉంది. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన “మిలే సుర్ మేరా తుమ్హారా”లో బాలమురళి కనిపిస్తారు. ఆయన పాడింది తెలుగు వాక్యం కాదు, తమిళ వాక్యం. అంటే మద్రాసులో స్థిరపడిన ఈ గోదావరి మనిషిని తమిళులు కూడా “మావాడే” అనుకున్నారు. మా ఇంటి తగాదాలోకి మూడో పక్షం కూడా వచ్చి చేరింది!

6. విమర్శలు

గడపలు దాటేవాళ్లను ఊరికే వదలరు. బాలమురళి నాలుగు స్వరాలతో, మూడు స్వరాలతో కూడా రాగాలు కట్టారు. మహతి, లవంగి, సుముఖం, సర్వశ్రీ అలాంటివి. రాగానికి కనీసం ఐదు స్వరాలైనా ఉండాలన్నది చాలామంది పాటించే మాట. అందుకని ఇవి రాగాలే కావని కొందరు అన్నారు. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ బహిరంగంగానే ఆక్షేపించారు. (ఈయన సినిమా దర్శకుడు కె. బాలచందర్ కాదు.)

కానీ స-గ-ప-ని అనే నాలుగే స్వరాల మహతి ఏం చేసిందో చూడండి. 1975లో ఎం.ఎస్. విశ్వనాథన్ దాన్ని “అపూర్వ రాగంగళ్” అనే తమిళ సినిమాలో వాడారు, ఏసుదాసు పాడారు. పండితులు వాదించుకుంటూ ఉండగానే రాగం జనంలోకి వెళ్లిపోయింది.

ఇంతకీ సినిమాలో పాడినందువల్ల ఆయన విద్వత్తుకు గౌరవం తగ్గిందా? మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1978లో సంగీత కళానిధి ఇచ్చింది. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వం షెవాలియే బిరుదు ఇచ్చింది. కచేరీలు ఎప్పుడూ ఆపలేదు.

7. మూడు రకాల ప్రయాణాలు

పోల్చి చూస్తే తెలుగు గాయకుల్లో మూడు దారులు కనిపిస్తాయి.

ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయం చదివి, సినిమాలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన కూడా “వీర కేసరి” (1963)లో రాజ్‌కుమార్‌కు కన్నడంలో పాడారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ శిక్షణ లేకుండా సినిమాలో ఎదిగి, “శంకరాభరణం”తో శాస్త్రీయ సంగీతం గుమ్మం దాకా వచ్చారు, జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నారు. బాలమురళి మాత్రం శాస్త్రీయంలోనే ఉండి, పిలిచిన ఇంటికల్లా వెళ్లి, ఆ ఇంటి పద్ధతి ప్రకారం ఉండి, తిరిగి వచ్చారు. మూడిట్లో ఏది గొప్పదని నేను అనను. అయితే మూడోది కష్టమని అనిపిస్తుంది. రెండు పద్ధతులూ విడివిడిగా, పూర్తిగా తెలిసి ఉండాలి కదా.

8. నా సంగతి

పోయిన ఏడాది ఒక పాటల పోటీలో నేను ముందు ఒక కీర్తన, తర్వాత ఒక సినిమా పాట పాడాను. దిగి వస్తుంటే అక్కడున్న పెద్దాయన ఒకరు “రెండు పడవల మీద కాళ్లు పెట్టకమ్మా, గొంతు పాడైపోతుంది” అన్నారు. ఆయన మంచికే చెప్పి ఉంటారు. కానీ నాలుగు నెలలు నేను నోరు విప్పి పాడలేదు. అసలు నాకు ఆ మాట కొత్త కాదు. తెలుగు మాట్లాడితే “కన్నడ యాస”, కన్నడ మాట్లాడితే “తెలుగు పిల్ల” అనిపించుకుంటూ పెరిగినదాన్ని. మన జనవాడలో నాలాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

ఈ వ్యాసం కోసం ఆయన పాటలు వింటూ ఉంటే ఒక సంగతి అర్థమైంది. ఆ పెద్దాయన మాటలో సగం నిజం ఉంది. కీర్తనను సినిమా పాటలా, సినిమా పాటను కీర్తనలా పాడితే రెండూ చెడతాయి. ఆ రోజు నేను చేసింది అదే. సినిమా పాట నిండా అక్కర్లేని గమకాలు కుక్కాను. తప్పు రెండు పాటలు పాడటంలో లేదు, రెండిటికీ తేడా తెలియకపోవడంలో ఉంది.

మీరూ ఒకసారి ఈ వరసలో విని చూడండి: ముందు ఆయన పాడిన ఏదైనా ఒక రామదాసు కీర్తన, తర్వాత “నర్తనశాల” పాట, ఆ తర్వాత “హంసగీతె”, చివరికి “గుప్పెడు మనసు”. మాట ఎక్కడ ముందుకొచ్చింది, రాగం ఎక్కడ వెనక్కి తగ్గింది అని కాగితం మీద రాసుకోండి. మనం క్లాసులో మాట్లాడుకుందాం.

ఈసారి పోటీకి నేను రెండు విభాగాల్లోనూ పేరు ఇచ్చాను. అమ్మ తెలుగు కీర్తన ఎంచింది. అప్ప ఇంకా కన్నడ పాట వెతుకుతూనే ఉన్నాడు.