దేహంలో ఇంటిదొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. క్యాన్సర్ కణం అటువంటిది. గాయంలో చేరి చీము పట్టించే సూక్ష్మజీవి వెలుపలి నుండి వస్తుంది. దాని రూపం పరాయిది కనుక తెల్లరక్తకణాలు త్వరలోనే ఆనవాలు పడతాయి. క్యాన్సర్ కణమైతే ఈ దేహంలోనే పుట్టి, ఈ రక్తంతోనే పెరిగినది.

జీర్ణాశయ క్యాన్సర్ కథ తరచుగా హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియాతో ఆరంభమవుతుంది. కడుపులోని ఆమ్లంలో క్రిములు మనలేవని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగి, జబ్బుపడి, ఆ నమ్మకాన్ని కదిలించాడు. సాహసమే గాని, అనుసరించదగినది కాదు! ఈ బాక్టీరియా ఏళ్ల తరబడి తిష్ఠవేస్తే జీర్ణాశయపు లోపలి పొర వాచి, క్షీణించి, కొద్దిమందిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. అంతకాలం పోరు సాగితే దేహం తన సేనను తానే నెమ్మదింపజేస్తుంది. ఆ నెమ్మదే కణితికి కలిసివస్తుంది.

దేహంలోని దాదాపు ప్రతి కణమూ తనలోని మాంసకృత్తుల తునకలను పైకి ప్రదర్శిస్తుంది. టి-కణాలు వాటిని తనిఖీ చేస్తూ, వికృతమైన తునక కనిపిస్తే ఆ కణాన్ని సంహరిస్తాయి. అమృతం పంచేవేళ దేవతల పంక్తిలో కూర్చున్న రాహువును సూర్యచంద్రులు గుర్తించినట్లే ఇదీ. అందుకే కొన్ని కణితులు అసలు ఆ ప్రదర్శననే మానివేస్తాయి. మరికొన్ని, సేనను శాంతింపజేసే నియంత్రణ టి-కణాలను తమ చుట్టూ చేర్చుకుంటాయి.

అన్నింటికన్నా విచిత్రమైన ఉపాయం మరొకటి ఉంది. అందులో సూర్యచంద్రులు రాహువును చూస్తారు, చక్రం మాత్రం కదలదు. 1992లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం పీడీ-1 అనే మాంసకృత్తిని కనుగొన్నది. దాని పని అప్పటికి తెలియదు. అది లేకుండా పెంచిన ఎలుకలలో సేన సొంత దేహంపైనే దాడికి దిగడంతో, అది టి-కణాలకు దేహం వేసిన కళ్లెమని తేలింది. కణితి తన ఉపరితలంపై పీడీ-ఎల్1 అనే జత మాంసకృత్తిని నిలిపి, ఆ కళ్లెాన్నే బిగిస్తుంది.

ఆ కళ్లెం బిగియకుండా అడ్డుపడే ప్రతిరక్షకమే నివోలుమాబ్. జపాన్, దక్షిణ కొరియా, తైవాన్‌లలో అప్పటికే రెండు లేదా అంతకుమించి రసాయన చికిత్సలు విఫలమైన 493 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఏడాది గడిచేసరికి ఈ మందు పొందినవారిలో నూటికి 26 మంది, ఉత్తుత్తి మందు పొందినవారిలో 11 మంది జీవించి ఉన్నారు. సగటు రోగికి దక్కిన అదనపు ఆయువు మాత్రం దాదాపు ఒక్క నెల. ఈ అంకెలకు పొంగిపోనక్కరలేదు, వీటిని తీసిపారవేయనూ కూడదు. హోంజోకు 2018లో జేమ్స్ ఆలిసన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

డీఎన్ఏలోని తప్పులను దిద్దుకునే శక్తి కోల్పోయిన కణితులలో వికృతమైన తునకలు ఎక్కువ. వాటిపై ఈ మందు మెరుగ్గా పనిచేస్తుంది. అయితే కళ్లెం సడలిన సేన ఒక్కొక్కసారి పేగులపై, ఊపిరితిత్తులపై, థైరాయిడ్ గ్రంథిపై తిరగబడుతుంది. కనుక వైద్యులు కణితి తునకను ముందుగా పరీక్షించి, మందు ఆరంభించిన పిదప కూడా రోగిని కనిపెట్టి ఉంటారు.