ఆవ ఎప్పుడు కలపాలి?

శ్రావణీ,

పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలని అడిగావు. పొయ్యి కట్టేసి, కూర చల్లారాకే కలపాలి. కారణం తెలిస్తే మిగతా దినుసుల సంగతీ పట్టుబడుతుంది.

ఆవగింజలో పుట్టుకతో ఘాటు ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము మరోచోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి, తడి తగిలితేనే రెండూ కలుస్తాయి. ముక్కుకెక్కే ఘాటు అప్పుడే పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము పని చెయ్యదు. తాలింపులో చిటపటలాడిన ఆవాలు నషాళానికి అంటకుండా కమ్మగా ఉండేది అందుకే. పైగా పుట్టిన ఘాటు ఆవిరై ఎగిరిపోయే రకం. సలసల కాగే కూరలో ఆవముద్ద వేస్తే పడ్డ శ్రమంతా ఆవిరితో పోతుంది. నూరేటప్పుడు చన్నీళ్లే పోసి, ముద్దను కాసేపు పక్కన ఉంచు. ఆవకాయకైతే మామిడిముక్కల ఊటే ఆ తడినిస్తుంది.

మిరపకాయ దారి వేరు. దాని మంటకు మూలం క్యాప్సైసిన్. అది తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో. మామూలు వంట వేడికి అది పెద్దగా చెక్కుచెదరదు, నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. మిరప ఎరుపూ అంతే. కోడికూర మీద తేలే నూనె అంత ఎర్రగా, అంత మంటగా ఉండేది అందుకే.

నిజానికి నోరు కాలదు. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకాన్నే క్యాప్సైసిన్ తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఎంత గొప్ప సంగతో చూడు, మన రోజువారీ కారం వెనక! మంట తగ్గాలంటే మంచినీళ్లు చాలవు. పాలు, పెరుగుల్లోని కేసిన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది.

మిరపకాయలను మాత్రం మాడనివ్వకు. క్యాప్సైసిన్ పొగతో కలిసి గాల్లోకి లేస్తే ఇంటిల్లిపాదీ దగ్గాల్సిందే.

అల్లం మధ్యరకం. పచ్చిదానిలోని జింజెరాల్ ఉడికేకొద్దీ కొంత జింజెరోన్‌గా మారి ఘాటు తగ్గుతుంది. అల్లం ఎండి శొంఠి అయితే ఆ జింజెరాల్‌లో కొంత నీటి అణువును వదులుకుని షోగాల్ అవుతుంది, ఘాటు పెరుగుతుంది. కాబట్టి పచ్చి అల్లానికి బదులు శొంఠిపొడి వేస్తే కొలత తగ్గించు.

— పెద్దమ్మ