వలస తల్లిదండ్రుల కష్టం, పిల్లల పట్టుదల

ప్రశ్న: అమెరికా వలస వెళ్లిన తల్లిదండ్రుల కష్టం చూసి పిల్లలు బాగా చదువుతారంటారు. నిజమేనా?

జవాబు: కొంతవరకు నిజమే. పెద్దలు తంటాలుపడి ఒక పని సాధించడం చూసిన 15 నెలల పసివాళ్లు తమ పనిలోనూ ఎక్కువసార్లు ప్రయత్నించినట్లు ఎంఐటీ పరిశోధన 2017లో చూపింది.

ఎదిగిన పిల్లల విషయంలో చూడటం ఒక్కటే చాలదు, ఇంటి భారాన్ని వాళ్లూ పంచుకోవాలి. మోటెల్, కిరాణా కొట్టు నడిపే కుటుంబాల్లో పిల్లలు బడి కాగానే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలకు బ్యాంకులో, ఆసుపత్రిలో మాటసాయం చేస్తారు. ఇంత కష్టం ఎవరికోసమో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వలస కుటుంబాల పిల్లలకు మంచి మార్కులు రావడానికి ఆదాయం కన్నా, ఇంట్లోనూ స్నేహితుల్లోనూ చదువుకిచ్చే విలువే పెద్ద కారణమని పరిశోధకుడు ఆండ్రూ ఫులిగ్ని 1997లో తేల్చారు.

అయితే ఘనతంతా చెమటకే కట్టబెట్టడం సరికాదు. హెచ్1బి వీసాపై వెళ్లే తెలుగు ఇంజనీర్లు అప్పటికే డిగ్రీలున్నవారు; వారి పిల్లలకు ట్యూషన్లూ మంచి బడులూ అందుతాయి. చదువుకున్నవారే ఎక్కువగా వలస రావడం ఆసియా పిల్లల విజయానికి ముఖ్య కారణమని సామాజిక శాస్త్రవేత్తలు జెన్నిఫర్ లీ, మిన్ జౌ 2015 నాటి పుస్తకంలో వాదించారు.

పైగా కష్టం ఒక్కోసారి చదువుకు అడ్డు కూడా కావచ్చు. రెండు షిఫ్టులు చేసే తల్లికి హోంవర్క్ చూసే తీరిక ఉండదు. "మీకోసమే ఇంత కష్టపడుతున్నాం" అన్న మాట రోజూ వింటే కొందరిలో పట్టుదలకు బదులు అపరాధభావం పెరుగుతుంది. కష్టాన్ని పిల్లలకు కనపడనివ్వవచ్చు. దాన్ని తీర్చాల్సిన బాకీగా మాత్రం గుర్తుచేయకూడదు.