దిగులు నీది, పిల్లది కాదు

తెనాలి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

ఆదివారం సాయంత్రం పాపని వాళ్లమ్మ దగ్గర దింపి వస్తే ఇల్లు మింగడానికి వస్తోందన్నావు. మగపిల్లాడివి, ఆ మాట పైకి చెప్పావు, అదే సగం మేలు. ఒంటరిగా అనిపించినంత మాత్రాన విడిపోయి తప్పు చేశావని కాదు. ఇన్నేళ్లూ ఇంట్లో ఉన్న సందడి ఒక్కసారి ఆగిపోతే ఎవరికైనా దిగులే. ఆ దిగులు నువ్వు మోయాల్సిందే గానీ ఏడేళ్ల పిల్ల నెత్తిన పెట్టకూడదు. నేను చెప్పేది ఇదొక్కటే.

రోజూ ఫోన్ చేస్తున్నావు, మంచిదే. పిల్లలు తమ దగ్గర లేని తల్లికైనా తండ్రికైనా రోజూ అయిదు పది నిమిషాలు వాళ్లతో మాట్లాడే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ కాస్త సేపట్లో "నువ్వు లేకపోతే నాన్నకి అన్నం సయించట్లేదమ్మా" అనకు. నువ్వు ప్రేమతోనే అంటావు. అవతల పిల్ల నువ్వు తిన్నావో లేదో అని బిక్కమొహం వేసుకుని పడుకుంటుంది. బళ్లో పక్కన ఎవరు కూర్చున్నారు, లంచ్ బాక్సులో ఏం పెట్టారు అని అడుగు. ఇంటికెవరొచ్చారు, అమ్మ ఏమంది అని మాత్రం ఆరా తియ్యకు.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక రెండో తరగతి పిల్లాడు సోమవారం వస్తే సంచీ ఒళ్లో పెట్టుకుని తెరిచేవాడు కాదు. తెలుగు నోటుబుక్కు నాన్న ఇంట్లో ఉండిపోయేది. అమ్మకి చెబితే నాన్నని తిడుతుంది, నాన్నకి ఫోన్ చెయ్యమంటే అమ్మకి కోపం. అందుకని నా చేత తిట్లు తినడానికే సిద్ధపడేవాడు. పాపకి నీ ఇంట్లో బ్రష్షు, చెప్పులు, రెండు జతల బట్టలు, పెన్సిల్ డబ్బా విడిగా కొనిపెట్టు. పంపేముందు సంచీ నువ్వే సర్దు. వాళ్లమ్మకి వాట్సాప్‌లో పాప సంగతులే రాయి. జ్వరం మందు ఎన్నింటికి వేశావు, ఫీజు ఎవరు కడుతున్నారు, అంతవరకే. పాత గొడవలు తవ్వకు. పండగ సంగతి నెల ముందే తేల్చుకోండి. భోగి అక్కడైతే కనుమ నీ దగ్గర.

ఇక నీ సంగతి. పాపని దింపి నేరుగా ఫ్లాట్‌కి పోకు. స్నేహితుడి ఇంటికో, షటిల్ ఆడటానికో వెళ్లి, అలిసిపోయి ఇంటికి చేరు. ఒక్కడికేగా అని కర్రీ పాయింట్ ప్యాకెట్లతో రోజులు నెట్టకు. గ్లాసుడు బియ్యం, గుప్పెడు పప్పు కుక్కర్లో పడెయ్యడానికి ఎంతసేపు? సంబంధాలు మోసుకొచ్చేవాళ్లు ఎటూ ఉంటారు. దిగులు పోతుందని మాత్రం పెళ్లి చేసుకోకు. అది తగ్గాక, అప్పటికీ కావాలనిపిస్తే చూద్దాం.

నిద్ర పట్టక, దేనిమీదా మనసు నిలవక వారాలు గడుస్తుంటే గుట్టుగా ఉండకు. 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

పాప నీ దగ్గరికి రాని శనివారం ఇక్కడికి వచ్చెయ్యి. మామయ్యకి కంటి ఆపరేషన్ అయింది, బ్యాంకు పనులన్నీ ఆగిపోయాయి. కూర్చోబెట్టి ఓదార్చే ఓపిక నాకు లేదు గానీ, నీకు చెప్పాల్సిన పనులు మాత్రం బోలెడున్నాయి.

ఇట్లు
నీ అత్తయ్య