నిగమశర్మ అక్క ఇంకేం చేయగలిగేది?

తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యంలోని నిగమశర్మ కథ మనం చదువుకున్నదే. చెడు తిరుగుళ్ళతో తండ్రి ఆస్తిని తగలేస్తున్న తమ్ముణ్ణి దారికి తేవాలని అక్క పుట్టింటికి వస్తుంది. ఆప్యాయంగా అన్నం పెట్టి, తల దువ్వి, మెల్లగా బుద్ధి చెబుతుంది. అతనూ మారినట్టే కనిపిస్తాడు. ఒక రాత్రి ఇంట్లోని సొమ్ము మూటగట్టుకుని పారిపోతాడు. అక్క ముక్కెర కూడా ఆ మూటలోనే పోయింది.

ఆ అక్కకు కవి పేరు పెట్టలేదు. అలాంటి అక్కలు, అమ్మలు మన వేలూరులోనూ, లుంగీల మగ్గాలు, అగ్గిపెట్టెల పనులు ఉన్న గుడియాత్తంలోనూ ఉన్నారు. వారం కూలి ఇంటికి రాకముందే మూడు నంబర్ల లాటరీకో, సెల్‌ఫోన్‌లో పందేనికో పోతుంది. తమిళనాడులో లాటరీలను 2003లోనే నిషేధించారు. ఆన్‌లైన్ జూదం మీద రాష్ట్రం 2022లో చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం ఆమోదించింది. అయినా చాటుమాటు ఆట ఆగలేదు.

"హద్దులో ఆడితే తప్పేముంది?" అని కొందరంటారు. సభాపర్వం చూడండి. ధర్మరాజు మొదట మణులు, రథాలు, ఏనుగులు ఒడ్డాడు. తర్వాత తమ్ముళ్ళను, తనను, చివరికి ద్రౌపదిని. ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేసినా, మళ్ళీ పిలవగానే వెళ్ళి కూర్చున్నాడు. అదే అనుద్యూతం. అంత ధర్మం తెలిసినవాడికే హద్దు నిలవలేదు. పోయింది రాబట్టాలని ఆడటం, దాచిపెట్టి ఆడటం, అప్పు చేసి ఆడటం – ఈ మూడూ కనిపిస్తే అది సరదా కాదు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోగాల పట్టికలో చేర్చింది. చికిత్స ఉంది.

మరి ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి?

1. అన్నం పెట్టండి, డబ్బు మాత్రం చేతికివ్వకండి. "ఈ ఒక్కసారి" అని అప్పు తీరిస్తే ఇంకో ఆటకు దారి వేసినట్టే.

2. నగలు, ఏటీఎం కార్డు, ఫోన్‌పే పిన్ భద్రంగా ఉంచుకోండి. అది అపనమ్మకం కాదు, జాగ్రత్త.

3. తిట్లు, ఒట్లు మందు కావు. ఆట లేని వేళ, కోపం లేని వేళ మాట్లాడండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి. బాగాయంలో సీఎంసీ వారి మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. అడుక్కంపారైలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

4. "చచ్చిపోతాను" అన్నమాట వస్తే బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, 108కి ఫోన్ చేయండి.

నిగమశర్మ అక్కకు ప్రేమ తక్కువ కాలేదు, తోడు తక్కువైంది. ఆమెకు అడగడానికి ఎవరూ లేరు. మనకు టెలి మానస్ ఉంది. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. ఆడేవాళ్ళే చేయాలని లేదు. అక్కలూ, అమ్మలూ, కూతుళ్ళూ చేయవచ్చు. ఆడేది మనమే అయినా చేయవచ్చు. ఆ నంబరు ఇప్పుడే నోట్‌బుక్ వెనక రాసుకోండి.